వాకిలికనుమకు పదమూడో మనిషి

ప్రశ్న అడిగినవాడి చేతిలో ఏదో ఒకటి పెట్టడం యోగమ్మగారి అలవాటు. నల్లమల అంచున, కొండ పాదంలో ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో ముప్పై ఏళ్ళుగా అదే తంతు. కోపం ఎట్లా పోతుందమ్మా అని అడిగిన ఒక పోలీసాయన చేతిలో చిక్కుపడిన దారం ఉండ పెట్టారు. మనసు నిలవడం లేదని వచ్చిన ఒక ఇల్లాలికి చాటెడు బియ్యమిచ్చి రాళ్ళు ఏరమన్నారు. వాళ్ళేం తెలుసుకున్నారో మనకు తెలియదు గానీ, ఇద్దరూ మళ్ళీ మళ్ళీ వచ్చారు. ఆ తల్లి ఎవరినీ ఉత్త చేతుల్తో పంపలేదు. అటువంటి యోగమ్మగారు ఒకసారి, ప్రశ్న అడిగిన శిష్యుడి చేతిలో ఇంకో మనిషి చెయ్యి పెట్టారు. ఆ కథే ఇప్పుడు చెప్పబోయేది. వెనకున్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి. చివర ఒక్కచోట తప్ప, గట్టిగా చెప్పే కథ కాదిది.

శిష్యుడి పేరు పెంచలయ్య. బస్సు డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఏ డ్రైవరు ఏ బండెక్కాలో ఛార్టు రాసి, ఈల ఊది పంపించే ఉద్యోగం. మంచివాడు, భక్తుడు, పరాయి సొమ్ము ముట్టనివాడు. కాకపోతే ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆయనకు అన్నం సయించదు. మెడలో రుద్రాక్ష ఎంత నిజమో, జేబులో ఈల అంత నిజం.

ఈ పెంచలయ్యకు ఒకే ఒక్క కోరిక ఉండేది. ఆశ్రమం వెనక దారి పట్టి ఐదారు గంటలు ఎక్కితే వాకిలికనుమ వస్తుంది. రెండు కొండలు తలుపు రెక్కల్లా నిలబడి, మధ్యలో పదిహేనుమంది పక్కపక్కన పట్టేంత సందు. ఆ సందులో నేలకు అడ్డంగా ఒక పొడుగాటి బండ. దాన్ని గడప అంటారు. గడప ఇవతల నిలబడితే రాతిగోడ తప్ప ఏమీ కనిపించదు. అది దాటి నాలుగడుగులు వేస్తే కింద లోతైన లోయ, లోయ చివర జలపాతం. ఆ లోయలో రోజంతా నీడే. మార్గశిరంలో మాత్రం, మిట్టమధ్యాహ్నం ఓ పావుగంట సేపు ఎండ ఏటవాలుగా లోపలికి దిగుతుంది. అప్పుడు ఆ నీళ్ళు వెలిగే వెలుగును స్వామి తలుపు తీసే వేళ అంటారు. అయితే దానికొక కట్టుబాటుంది. ముందొచ్చినవాడు గడప దాటకూడదు. బయలుదేరినవాళ్ళలో ఆఖరి మనిషి వచ్చేదాకా ఆగి, అందరూ ఒక్కసారి కుడికాలు పెట్టాలి. "ఒక్కడివే పోతే, తక్కినవాళ్ళేరిరా అని స్వామి అడుగుతాడు" అని పెద్దలమాట.

ఆ కట్టుబాటే పెంచలయ్యను మూడేళ్ళుగా ఏడిపిస్తోంది. మొదటి ఏడు ఒకాయన మోకాలు పట్టేసింది. రెండో ఏడు ఇంకొకాయన తెగిన చెప్పు కోసం అరగంట వెనక్కి నడిచాడు. మూడో ఏడు ఎందుకు ఆలస్యమైందో ఎవరికీ తెలియదు, ఆలస్యమైతే అయింది. మూడుసార్లూ గడప దాటేసరికి లోయ నిండా నీడే. అందుకని ఈ ఏడు ఆయన తాడోపేడో తేల్చుకుందామనుకున్నాడు. గట్టిగా నడిచేవాళ్ళను పదకొండుమందిని ఏరాడు. తనతో పన్నెండు. మోకాళ్ళు నొప్పులన్నవాళ్ళను మెత్తగానే వద్దన్నాడు. ఏ మజిలీ ఎన్నింటికి, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలి, నీళ్ళెవరు మోయాలి, అన్నీ ఛార్టులో పడ్డాయి. పదకొండున్నరకు గడప చేరాలి.

బయలుదేరే ముందురోజు పొద్దున ఛార్టు యోగమ్మగారి పాదాల దగ్గర పెట్టి అడిగాడు. "అమ్మా, చేయగలిగిందంతా చేశాను. అయినా గుండె దడదడలాడుతోంది. మన ప్రయత్నం ఏ చోట ఆగుతుంది, ఆయన దయ ఏ చోట మొదలవుతుంది?"

యోగమ్మగారు కాగితాన్ని ముచ్చటగా చూశారు. పిల్లవాడు గీసిన బొమ్మను తల్లి చూసినట్టు చూశారు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఓబులేసూ, ఇట్లా రా నాయనా" అని పిలిచారు.

ఓబులేసు ఆశ్రమం వంటాయన. యాభై అయిదు దాటాయి. ఇరవై రెండేళ్ళుగా పొయ్యి దగ్గరే నిలబడి కాళ్ళు బరువెక్కాయి, ఒళ్ళు బరువెక్కింది. ఆ ఇరవై రెండేళ్ళూ కనుమకు పోయేవాళ్ళకు పొద్దున్నే పొట్లాలు కట్టిచ్చింది ఆయనే. తిరిగొచ్చినవాళ్ళ కాళ్ళకు వేణ్ణీళ్ళు కాచిందీ ఆయనే. నీళ్ళు పోస్తూ "కనబడిందా?" అని అడిగేవాడు. వాళ్ళు చెబుతుంటే గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయేవాడు. ఏడాదికి ఆ ఒక్కరోజే ఆశ్రమంలో పప్పు అడుగంటేది. తాను మాత్రం ఒక్కసారి కూడా పోలేదు. పొమ్మని ఎవరూ అనలేదు, పోతానని ఆయనా అనలేదు.

యోగమ్మగారు ఓబులేసు కుడిచెయ్యి అందుకుని పెంచలయ్య చేతిలో పెట్టారు. కాలిన మచ్చలతో గరుగ్గా, గట్టిగా ఉంది ఆ చెయ్యి.

"రేపు ఈయన్ను తీసుకుపో. ఇచ్చినట్టే తెచ్చి నాకు అప్పజెప్పు."

పెంచలయ్య ఛార్టు వైపు చూశాడు. ఓబులేసు పొయ్యి వైపు చూశాడు. ముందు ఓబులేసే గొణిగాడు. "మరి వంటో, తల్లీ?"

"నాకు చేతుల్లేవా?" అన్నారు యోగమ్మగారు. అంతటితో సరి.

మర్నాడు తెలతెలవారుతుండగా, ఆరింటికి ఈల మోగింది. అందరి వెనక ఓబులేసు. ఆయన వీపు మీద పెద్ద గుడ్డమూట. అది చూసి పెంచలయ్యకు ఒళ్ళు మండింది. "అన్నా, ఎవరి రొట్టెలు వాళ్ళ సంచిలో ఉన్నాయి. ఆ మూటెందుకు?"

"ఉత్త చేతుల్తో నడవటం నాకు చేతగాదు నాయినా" అన్నాడు ఓబులేసు, తప్పు చేసినవాడిలా.

పొద్దున ఆలస్యం చేయడం ఇష్టంలేక పెంచలయ్య ఊరుకున్నాడు. ముందు తాను, వెనక గట్టివాళ్ళు, వాళ్ళ వెనక తక్కినవాళ్ళు, అందరికంటే వెనక ఓబులేసు. దారి బాగానే సాగింది. చెలమ దగ్గర మొదటి మజిలీ. పది నిమిషాలు ఆగాలి, ఓబులేసు ఇరవై నిమిషాలకు వచ్చాడు. రాగానే ఈల. వెదురుపొద దగ్గర రెండో మజిలీ. మళ్ళీ అందరూ కూర్చుని, నీళ్ళు తాగి, ఒళ్ళు విరుచుకుని, ఎదురుచూసి విసిగిపోయాక ఓబులేసు వచ్చాడు. రాగానే ఈల. మీరు గమనిస్తున్నారు కదా? పెంచలయ్య గమనించలేదు. ఆయన కళ్ళు గడియారం మీద ఉన్నాయి.

మూడో మజిలీ ఏనుగురాయి. తొమ్మిదిన్నరకు దాటాల్సిన చోటు. ఓబులేసు దాని నీడలోకి వచ్చేసరికి పదింబావు. ముఖం కందగడ్డలా ఉంది. చొక్కా పిండితే బిందెడు నీళ్ళు కారేట్టుంది. పెంచలయ్య మనసులోనే కూడి తీశాడు. ఇక్కణ్నుంచి మజిలీలతో కలుపుకుని గట్టివాళ్ళకే రెండు గంటలు. అంటే పన్నెండుంబావు. అప్పటికి తలుపు మూసుకుంటుంది. నాలుగో ఏడు కూడా పోయింది.

"పెంచలయ్యన్నా, మన బండి ఘాటులో ఆగిపోయేట్టుంది" అన్నాడు దస్తగిరి. డిపోలో మెకానిక్కు అతను, నోరు ఊరుకోదు.

ఓబులేసుకు అర్థమైంది. రాయికి ఆనుకునే చెప్పాడు. "నన్నీడనే వదిలేసి పోండి నాయినా. వచ్చేటప్పుడు తోలుకపోండి. వడ్డించేవాడు పంక్తిలో లేడని ఎవరన్నా తినకుండా లేస్తారా?" అని నవ్వాడు. ఆ నవ్వు ఎంత ఒప్పుదలగా ఉందంటే, కొందరు అప్పుడే సంచులు భుజానికెత్తుకున్నారు.

"గడప కాడ స్వామి అడిగితే ఏం జెబుతారు?" అంది నాగరత్నక్క. ఆమె కుట్టుమిషను నడుపుకుని బతికే మనిషి. కడుపులో పుండుతో సతమతమవుతూనే ఎవరికీ తీసిపోకుండా నడుస్తోంది.

"పన్నెండుమందిమే బయలుదేరామని చెబుదాం. ఛార్టులో పన్నెండు పేర్లే గదా ఉండేది" అన్నాడు దస్తగిరి.

పెంచలయ్య జేబులోంచి ఛార్టు తీశాడు. నిజమే, పన్నెండే. నిన్న ఆ చెయ్యి తన చేతిలో పెట్టించుకుని కూడా, పదమూడో పేరు రాయాలని తనకు తోచనే లేదు.

ఈలోగా ఓబులేసు మూట విప్పాడు. "పోయేవాళ్ళు మీ పొట్లాలు మీరు తీసుకపోండి. బరువు నాతో ఉంటే ఏం లాభం?" మోదుగాకు పొట్లాలు, నారతో కట్టినవి. ఒక్కొక్కటే తీసి పేరుపేరునా అందించాడు. "ఇది నాగరత్నమ్మకు, మిరపకాయ తగలనీయలేదు. ఇది దస్తగిరికి, వీడికి కారం లేంది ముద్ద దిగదు. ఇది నీది నాయినా, నీకు వేరుశనగ్గుళ్ళు ఇష్టం గదా." వేరుశనగ్గుళ్ళు తనకిష్టమని పెంచలయ్య ఎప్పుడూ ఎవరికీ చెప్పిన గుర్తు లేదు. మూట ఖాళీ అయింది. పొట్లాలు లెక్కపెడితే పన్నెండు.

"నీ పొట్లమేదన్నా?" అడిగాడు పెంచలయ్య.

"నాదా?" ఓబులేసు ఖాళీ గుడ్డను దులిపి చూశాడు. "మర్చిపోయినట్టుండా."

పెంచలయ్య ఆ గుడ్డనూ చూశాడు, తన చేతిలో కాగితాన్నీ చూశాడు. ఒకే మనిషిని ఇద్దరూ ఒకేలా మరిచిపోయారు. కాకపోతే ఒకరు తనను తాను మరిచిపోయారు. సిగ్గుతో ఆయన వెళ్ళి ఓబులేసు పక్కన కూర్చున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడు గానీ, అడిగించింది మాత్రం అమ్మేననుకోవాలి.

"అన్నా, గురుపౌర్ణమికి వెయ్యిమందికి వండుతావు. ఒక్కనాడూ వడ్డన ఆలస్యం కాలేదు. ఎట్లా చేస్తావు?"

వంట మాట వినేసరికి ఓబులేసు ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "అదేమంత విద్య నాయినా? విస్తళ్ళు వేసే వేళ కాణ్నుంచి వెనక్కి చూసుకుంటా. ఏది నిదానంగా ఉడుకుతాదో అది ముందు పొయ్యెక్కాల. తక్కినవన్నీ దాని వెనకాల రావాల. అప్పడాలు తొందరగా వేగుతాయని అవే ముందు వేయించి కూర్చుంటే, పప్పుడికేసరికి మెత్తబడి దేనికీ పనికిరావు."

"మేం అప్పడాలమా అన్నా?" అన్నాడు దస్తగిరి. అందరూ ఘొల్లుమన్నారు.

పెంచలయ్య నవ్వలేదు. ఆయన కళ్ళ ముందు మూడు మజిలీలూ తిరిగాయి. ముందొచ్చినవాళ్ళు ప్రతిచోటా కూర్చున్నారు. ఓబులేసు వచ్చిన ప్రతిచోటా ఈల మోగింది. పొద్దున ఆరింటినుంచి ఈ రాయి దాకా ఈ మనిషి ఒక్క నిమిషం కూర్చోలేదు! తాను ఉడకనివ్వకుండా దించుతూ, ఉడకలేదని తిట్టుకుంటున్నాడు.

ఆయన లేచాడు. ఛార్టు రాయి మీద పరిచి, పేర్లన్నిటికంటే పైన, ఒకటో నంబరు పక్కన ఓబులేసు అని రాశాడు. జేబులోని ఈలను తాడుతో సహా తీసి ఓబులేసు మెడలో వేశాడు. "పది నిమిషాలు కూర్చో. నీళ్ళు తాగు. తర్వాత ముందు నడిచేది నువ్వు. నీ అడుగే మా అడుగు. ఇక మజిలీలు లేవు."

"నేనా? ముందరా? నాకు దారి తెలీదు నాయినా!"

"పైకి. అదొక్కటే దారి" అన్నాడు పెంచలయ్య. డిపోలో పదిహేనేళ్ళుగా ఆయన్ను చూస్తున్న దస్తగిరి, ఆయన జోకు వేయడం మొదటిసారి విన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు నడక. ముందు ఓబులేసు, మీద బరువు లేదు. వెనక పన్నెండుమంది. వెయ్యిమంది పాయసాన్ని కలియబెట్టేటప్పుడు ఆయనకొక అలవాటు, గరిటె తిప్పినప్పుడల్లా నరసింహా అనడం. ఇప్పుడు చేతిలో గరిటె లేదు గనుక, అడుగుకొకసారి అన్నాడు. నరసింహా. అడుగు. నరసింహా. అడుగు. వెనకవాళ్ళు ఒక్కొక్కరే అందుకున్నారు. పరుగు లేదు, ఆగడం లేదు, రొప్పు లేదు. నిట్టనిలువు బండలు వచ్చినచోట పెంచలయ్య ముందుకెక్కి చెయ్యిచ్చాడు. ఆ గరుకు చెయ్యి పట్టుకుని లాగాడు. ఒకచోట తానే జారితే ఆ చెయ్యే ఆయన్ను నిలబెట్టింది. కుండలు దించిన చెయ్యి కదా, ఊరికే వదలదు. గడియారం చూసుకోవడం ఆయన ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలియదు. ఎదురుగా గడపరాయి కనిపించినప్పుడు ఉలిక్కిపడి చూసుకున్నాడు. పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ.

అయితే, తల్లులారా, అంత తేలిగ్గా అయిపోతే అది కథెందుకవుతుంది? సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచి వచ్చిందో, గోనెసంచి అంత మబ్బొచ్చి సూర్యుడి మీద కూర్చుంది.

గడప ముందర పదమూడుమంది నిలబడ్డారు. పన్నెండయింది. మబ్బు కదల్లేదు. పన్నెండు దాటి రెండు నిమిషాలు. పెంచలయ్య జేబులు తడుముకున్నాడు. కాగితం ఉంది, కలం ఉంది, వాటితో మబ్బును ఏం చేయాలి? చిన్నపిల్లవాడిలా ఓబులేసు వైపు చూశాడు.

ఓబులేసు మాత్రం నిమ్మళంగా ఉన్నాడు. "మూత పెట్టినాక గరిటెతో పనిలేదు నాయినా" అన్నాడు. "ఆ పైన ఆవిరి పని."

పెంచలయ్య గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. "దాటుదామా?"

"మబ్బుంది గదన్నా" అన్నాడు దస్తగిరి.

"ఉంటే ఉండనీ. అందరం వచ్చాం గదా."

పదమూడుమందీ చేతులు పట్టుకున్నారు. పదమూడు కుడికాళ్ళు ఒక్కసారి గడప దాటాయి. అడుగు పడగానే మబ్బు విడిపోయిందని చెబితే మీరు నమ్ముతారు, నాకు తెలుసు, కానీ జరిగింది అది కాదు. నీడలోనే నిలబడ్డారు. కింద జలపాతం హోరు మాత్రం వినిపిస్తోంది. పాలు పొంగొచ్చి తగ్గేంత సేపు అట్లాగే నిలబడ్డారు. అప్పుడు, వాళ్ళ వీపుల మీద వెచ్చగా తగిలింది.

ఇదిగో, గట్టిగా చెప్పవలసిన చోటు ఇదే! ఎండ వాళ్ళ భుజాల మీదుగా లోయలోకి దూకింది. నల్లటి రాతిగోడలు రెండూ రాగిరేకుల్లా మండాయి. అడుగునున్న నీళ్ళు ఒక్కసారిగా వెలిగాయి. వెయ్యి దీపాలు ఒకే చేత్తో ముట్టించినట్టు వెలిగాయి! ఆ తుంపరలో, ఆకాశంలో కాదు, వాళ్ళ పాదాలకు దిగువన, హరివిల్లు. తలెత్తి చూసే హరివిల్లు అందరూ చూశారు, తలవంచి చూసే హరివిల్లు ఎంతమంది చూశారు? "గోవిందా!" అని పన్నెండు గొంతులు ఒక్కటయ్యాయి. ఎదుటి కొండ దాన్ని పట్టుకుని, తిప్పి, మళ్ళీ "గోవిందా" అంది.

పదమూడో గొంతు పలకలేదు. ఓబులేసు నోరు తెరిచి చూస్తున్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. చివరికి వాళ్ళ వైపు తిరిగి, కోప్పడినట్టుగా అన్నాడు. "ఇరవై రెండేండ్లు నాకు సగమే చెప్పినారు గదరా!"

ఎనిమిది నిమిషాలు నిలిచింది ఆ వెలుగు. లెక్కపెట్టింది నాగరత్నక్క. పెంచలయ్య లెక్కపెట్టలేదు. తర్వాత ఆ బండల మీదే పంక్తి తీర్చారు. ఓబులేసును మొదట కూర్చోబెట్టారు. ఆయన లేవబోతే దస్తగిరి భుజాలు పట్టి కుదేశాడు. పన్నెండు పొట్లాల్లోంచి పన్నెండు ముద్దలు ఒక ఆకులోకి వచ్చాయి. పెంచలయ్య వడ్డించాడు. అందరికంటే చివర, ఆరిపోయిన అడుగూబొడుగూ తినడమే తెలిసిన ఓబులేసు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆశ్చర్యపోయాడు. "పులిహోర ఫరవాలేదే! చేసిందెవరు?"

సాయంత్రం దిగి వచ్చేసరికి యోగమ్మగారు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉన్నారు. వేణ్ణీళ్ళు కాగుతున్నాయి. పెంచలయ్య ఓబులేసు చెయ్యి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఇచ్చినట్టే అప్పజెప్పుతున్నానమ్మా" అన్నాడు, కానీ ఇచ్చినట్టే లేదని ఇద్దరికీ తెలుసు.

"కనబడిందా?" అని అడిగారు యోగమ్మగారు ఓబులేసును.

ఓబులేసు చెప్పడం మొదలుపెట్టాడు. గోడల రంగు చెప్పాడు, నీళ్ళ హోరు చెప్పాడు, పాదాల కింద హరివిల్లు చెప్పాడు. సగం కాదు, మొత్తం చెప్పాడు. యోగమ్మగారు గరిటె పట్టుకుని అట్లాగే విన్నారు. లోపలినుంచి మాడు వాసన వచ్చింది. పప్పు అడుగంటింది. ఎవరూ కదల్లేదు.

అంతా అయ్యాక పెంచలయ్య మెల్లగా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మన ప్రయత్నం ఏ చోట ఆగుతుంది, ఆయన దయ ఏ చోట మొదలవుతుందని నిన్న అడిగాను..."

"గడప దాటేటప్పుడు ఓబులేసు పక్కన ఉన్నదెవరు?"

"నేనేనమ్మా."

"చెయ్యి పట్టుకుంది నువ్వా, ఆయనా?"

పెంచలయ్య ఆలోచించాడు. బండల మీద తాను లాగిన చెయ్యి గుర్తొచ్చింది, జారినప్పుడు తనను నిలబెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. గడప దగ్గరికి వచ్చేసరికి ఏది ఏదో విడదీయలేకపోయాడు. "తెలియడం లేదమ్మా" అన్నాడు.

"అయితే ఆ చోటు మరిచిపోకు" అన్నారు యోగమ్మగారు, పప్పు గిన్నె దించడానికి లోపలికి వెళుతూ.